పడుకోబెట్టమన్న మనిషి

నందిని వచ్చేసరికే సోమప్పను కూర్చోబెట్టేశారు.

ఆటో దిగి, వీధిలో గుమిగూడిన జనాన్ని తోసుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది. మగ్గాల గదిలో గోడకు ఆనించి, కాళ్ళు రెండూ మడిచి, బాసింపట్టు వేయించి కూర్చోబెట్టారు తండ్రిని. నడుముకు ఒక కొత్త పంచె, ఛాతీకి ఇంకొకటి చుట్టి గోడ మేకులకు కట్టారు. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టారు. నుదుటి మీద, జబ్బల మీద మూడేసి గీతల విభూతి. ఎడమ అరచేతిలో లింగం. తెలియనివాళ్ళు చూస్తే పూజకు కూర్చున్నాడనుకుంటారు. నందినికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

తెల్లవారి ఐదింటికి పోయాడు ఆయన. ఆదోనిలో ఉన్న కూతురికి ఫోను వచ్చింది పదిన్నరకు. ఒక్కగానొక్క కూతురు, అదీ గంట దారిలో ఉన్న కూతురు. ఈ ఆలస్యం ఎందుకైందని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మోకాలి మీద చెయ్యి వేసి చూసింది. కొయ్యబారిపోయి ఉంది. ఒళ్ళు బిగుసుకునేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా ఫోను చేశారు.

వాళ్ళ కులంలో చనిపోయినవాళ్ళను కాల్చరు, పడుకోబెట్టి పూడ్చరు. నిలువు గుంత తవ్వి అందులో కూర్చోబెడతారు. లింగపూజలో కూర్చున్న మనిషి అలాగే శివుడిలో కలిసిపోవాలని పెద్దలు పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. కానీ సోమప్పకు అది వద్దు.

సోమప్ప నలభై రెండేళ్ళు గుంతమగ్గం మీద బతికాడు. నేలలో తవ్విన గుంత అంచున కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, కింద చెక్కలు తొక్కుతూ, పైన నాడె విసురుతూ, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా అదే పని. ఏ నడుమైనా ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? యాభై దాటేసరికి వీపు వంగింది, వంగిన వీపు అలాగే గట్టిపడింది. ఆ తరువాత ఆయన వెల్లకిలా పడుకోవడం ఎవరూ చూడలేదు. ఒక పక్కకు తిరిగి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నిద్ర పట్టినంతసేపు పట్టిందనిపించుకునేవాడు.

నందిని అనాటమీలో ఎమ్మెస్సీ చేసింది. ఆదోని దగ్గర ఒక మెడికల్ కాలేజీలో ట్యూటరు ఉద్యోగం. మొదటి ఏడాది పిల్లలకు ఎముకలు పట్టుకుని పేర్లు చెప్పడం, బల్ల మీద శవాన్ని కోసి ఏ నరం ఎక్కడికి పోతుందో చూపించడం ఆమె పని. రెండేళ్ళ కింద నడుము చూపించుకోవడానికి ఆదోనికి వచ్చిన సోమప్ప, కూతురు పనిచేసే చోటు చూడందే బస్సెక్కనన్నాడు. తీసుకెళ్ళింది. మందు వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు, ఆయన మూసుకోలేదు. స్టీలు బల్ల మీద తెల్లగుడ్డ కింద పడుకుని ఉన్న మనిషిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"ఈయప్ప ఇట్ల సక్కగా పండుకోనే ఉంటాడా?" అని అడిగాడు.

"ఉంటాడు నాయనా. పిల్లోళ్ళ సదువు అయ్యేదాకా."

"కూర్చోబెట్టరా?"

"కూర్చోబెట్టి ఏం సేస్తారు?"

సోమప్ప నవ్వాడు. బస్టాండులో చెప్పాడు అసలు మాట. "బతికినన్నాళ్ళూ గుంతలోనే కూర్చుంటి పాపా. సచ్చినాక గూడ గుంత తవ్వి కూర్చోబెడతారు. నాకొద్దు. నన్ను ఆ బల్ల మీద పండుకోబెట్టు. ఈ వీపులో ఏముండాదో మీ పిల్లోళ్ళు కోసి సూసుకోనీ."

నెల తిరక్కముందే కాగితాల మీద సంతకం పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, పక్క మగ్గం మీద కూర్చునే తమ్ముడు లక్ష్మప్పకు మొహం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరూ మూరెడు దూరంలో మగ్గాలు ఆడిస్తూ కూడా మాట్లాడుకోలేదు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఆ సంతకం చూసినప్పుడు నందిని మనసులో ఒక మూల సంతోషించింది. వందమంది పిల్లలకు కాలేజీలో ఒకే ఒక్క శవం ఉంది, ఎలా పాఠం చెప్పాలని డిపార్టుమెంటు పెద్ద అరుణకుమారి మేడం రోజూ తల పట్టుకునేది. ఆ సంతోషం ఎవరి కంటా పడలేదని నందిని అనుకుంది. లక్ష్మప్ప కంట పడింది.

ఇప్పుడతను గడపకు అడ్డంగా నిలబడ్డాడు. అన్నకన్నా నాలుగేళ్ళు చిన్న, వీపు మాత్రం అన్న వీపే.

"వచ్చినావా మేడం?" అన్నాడు. నిన్నటిదాకా పాపా అని పిలిచినవాడు.

"యానికి కట్టినారు సిన్నాయనా? నాయన ఏం రాసిచ్చినాడో మీకు తెల్దా?"

"రాసింది మా అన్న. రాయించింది నువ్వు. మీ కాలేజీలో పీనుగులు తక్కువైనాయని కన్నతండ్రిని తోలకపోయేదానికి వచ్చినావు. ఒక్కటి సాలుతుందా? సాలకుంటే సెప్పు. నేనుండా, మీ అమ్మ ఉండాది."

"ఫోను యానికి సేయలేదు?"

"తీరలేదు. గుంత తవ్వించేదానికి పోయినా. ఉప్పు తెచ్చినాం, విభూతి గడ్డలు తెచ్చినాం, జంగమయ్యకు సెప్పొచ్చినాం. మా అన్నకు సేయాల్సింది మేం సేస్తాండాం. నువ్వు నీ కాలేజీకి పో."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి, సదువుకున్న దయ్యమని తిట్టింది. ఇంకొకామె నందినికి వినబడాలనే, ఉద్యోగం పెద్దదవుతుందంట అంది. నందిని ఎవరి వైపూ తిరగలేదు, చిన్నాయన మీదే విరుచుకుపడింది. కావాలనే కాళ్ళు మడిచినారు, శవం ఎందుకూ పనికిరాకుండా చేయాలని మడిచినారు, మీకు అన్న ముఖ్యం కాదు మీ పంతం ముఖ్యం అని నోటికొచ్చినట్టు అంది.

అప్పటిదాకా తన మగ్గం దగ్గర పడుగు మీద చెయ్యి వేసి కూర్చున్న తల్లి ఈరమ్మ నోరు తెరిచింది.

"ఆయప్పను అనొద్దు. కాళ్ళు మడిసింది నేను."

"నువ్వా?"

"ఊపిరి పోయినాక ఎవురైనా ఏం సేస్తారు? మా అత్త పోతే నేనే మడిస్తి, మా మామ పోతే నేనే మడిస్తి. ఒళ్ళు సల్లబడకముందే మడవాల కదా. సేతులు వాటి పని అవి సేసినాయి. కూర్చోబెట్టినాక గ్యాపకం వచ్చె, ఈయప్ప వద్దన్నాడు కదా అని. అంతలోకి మీ సిన్నాయన వచ్చి కట్టేసినాడు."

నాయన సంతకం పెట్టినప్పుడే నందిని ఇంట్లో జాగ్రత్తలు చెప్పి వెళ్ళింది. ఏ నంబరుకు ఫోను చేయాలో గోడ మీద రాసి పెట్టింది. ఐసు ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. ప్రాణం పోయిన వెంటనే కాళ్ళు చాపి పడుకోబెట్టాలని మాత్రం చెప్పలేదు. బయటి ఊరివాళ్ళకు ఆ మాట చెప్పక్కర్లేదు, ఎవరైనా పడుకోబెట్టే ఉంచుతారు. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఈ ఇంటికే చెప్పడం మరిచిపోయింది. కోపం సగం తన మీదికే తిరిగింది, అయినా తగ్గలేదు.

దారిలోనే నందిని ఫోను చేసి రమ్మన్న కాలేజీ బండి వచ్చింది. దాంట్లో వచ్చింది ఇశ్రాయేలు ఒక్కడే. శవాలకు మందెక్కించే పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నవాడు. చెప్పులు వీధిలోనే విడిచి లోపలికి వచ్చాడు, సోమప్పకు దండం పెట్టుకున్నాడు, అప్పుడు నందిని వైపు చూశాడు.

"ఇట్ల కుదరదు మేడం. తొడ దగ్గర నరానికి మందు పెట్టాల. కాళ్ళు ఇట్లుంటే మందు దిగదు, బల్ల మీద మనిషి నిలవడు."

అది నందినికి తెలుసు. బిగువు దానంతటదే వదులుతుందని కూడా తెలుసు. కానీ అందుకు ఒకటిన్నర రోజు పడుతుంది, ఇది ఎమ్మిగనూరు, మే నెల. రేపటికి బిగువుతో పాటు ఒళ్ళూ పోతుంది. ఐసు పెట్టె తెప్పిద్దామా అంటే, దాన్ని చేసినవాడు పడుకున్నవాళ్ళ కోసమే చేశాడు, కూర్చున్నవాళ్ళ కోసం చేయలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. చేతులతో కాళ్ళు చాపాలి.

ఇశ్రాయేలు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏయ్, నిలబడు. ఏం పేరు నీది?" అన్నాడు లక్ష్మప్ప.

"ఇశ్రాయేలు."

ఆ పేరు వినడంతోనే లక్ష్మప్ప మొహం మారిపోయింది. "ఆ సేత్తో మా అన్నను ముడతావా? లింగం కట్టిన ఒళ్ళురా అది!"

ఇలాంటి మాటలు ఇశ్రాయేలుకు కొత్తేమీ కాదు. ఆగిపోయి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను ముట్టనన్నా. మీరే ముట్టండి. యాడ పట్టుకోవాల్నో, ఎంత బరువు పెట్టాల్నో దూరం నుంచే సెప్తా. రాండి."

ఒక్కరూ రాలేదు. లింగం కట్టిన ఒళ్ళు అని గొంతు చించుకున్న లక్ష్మప్ప కూడా కదల్లేదు.

నందిని అరుణకుమారి మేడంకు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. మేడం మాట సూటిగా వచ్చింది. "ఆయన రాసిచ్చినా సరే నందినీ, మీ అమ్మగారు వద్దంటే మనం తీసుకోం. కూతురు సంతకం ఒక్కటే నాకు చాలదు. ఆమె నోటితో చెప్పాలి."

గదిలో ఉన్న కళ్ళన్నీ ఈరమ్మ మీదికి తిరిగాయి. లక్ష్మప్ప గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"వదినా, ఒక్క మాట సెప్పు. వద్దని ఒక్క మాట. ఏటేటా సమాధికాడికి పోయి ఒక పూవు పెట్టుకోవద్దా మనం? యాడికి పోయి మొక్కుకుంటాం? ఆదోనికి బస్సెక్కి పోతామా?"

ఈరమ్మ పడుగు మీద నుంచి చెయ్యి తీయలేదు. నందిని జీవితంలో ఎవరి ముందూ అంత భయపడలేదు. తల్లి వద్దంటే తండ్రి మళ్ళీ గుంతలోకే పోతాడు, ఇక ఆయనను ఎవరూ పైకి తీయలేరు.

"ఆయప్ప బతికుండంగ ఆయప్ప మాట నేను దాటింది లేదు," అంది ఈరమ్మ. "తీసకపో." ఆ మాట కూతురితో అన్నదే కానీ కూతురి మొహం చూసి అనలేదు.

నందిని కట్లు విప్పింది. అరచేతిలో లింగం తీసి తల్లి చేతికిచ్చింది. తండ్రిని వెనక్కి వాల్చితే మడిచిన కాళ్ళు మడిచినట్టే గాల్లోకి లేచాయి. ఆ దృశ్యం చూసి ఆడవాళ్ళు కొందరు బయటికి పోయారు.

"ఊపొద్దు మేడం, గుంజొద్దు," అన్నాడు ఇశ్రాయేలు అంత దూరం నుంచే. "మోకాలి మీద ఒక సెయ్యి, మడమ కింద ఒక సెయ్యి. బరువు పెట్టి ఊరికే ఉండు. అదే వదులుతుంది."

బరువు పెట్టింది. ఏమీ కాలేదు. మోకాలిని మడిచే కండరాలు ఎన్ని, ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటాయి అని ప్రతి ఏడూ వందమందికి చెబుతుంది ఆమె. ఒక్క పేరూ జ్ఞాపకం రాలేదు. నాయన కాలు, అంతే. చెమట కళ్ళలోకి కారింది. ఇంకొంచెం వాలింది. లోపల ఎక్కడో పటుక్కుమంది.

"ఇరిగింది!" అని అరిచాడు లక్ష్మప్ప. "ఇరగ్గొట్టె! కన్నతండ్రి కాలు ఇరగ్గొట్టె!"

"ఎముక కాదు సిన్నాయనా, కండ. బిగుసుకున్న కండ వదిలింది."

"నోర్ముయ్యి! నువ్వు సెప్తే మేం ఇనాల్నా?"

గడప బయటి నుంచి శాపనార్థాలు మొదలయ్యాయి. నీ కాళ్ళు పడిపోను అంది ఒకామె. నీ సావుకు నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోను అంది ఇంకొకామె. నందిని ఆ మాటలు వింటూనే కుడికాలు నేలకు ఆనించింది. ఎడమకాలికి వచ్చేసరికి చేతుల్లో సత్తువ లేదు. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారి జారబోతుంటే పక్కన ఇంకో రెండు చేతులు వచ్చి పడ్డాయి. ఇశ్రాయేలు ఎవరి అనుమతీ అడగలేదు. లక్ష్మప్ప ఎగిరెగిరి పడ్డాడు, బూతులు తిట్టాడు, తంతానన్నాడు. ఇశ్రాయేలు తల ఎత్తకుండా, మోకాలు చాప మీదికి వచ్చేదాకా పట్టిన పట్టు వదల్లేదు.

సోమప్ప పడుకున్నాడు. మడమలు చాప దాటి నేల మీదికి వచ్చాయి. ఇంత పొడుగు మనిషా అనిపించింది నందినికి. కానీ వీపు చాపకు ఆనలేదు. నడుము మీద నుంచి మెడ దాకా వంపు వంపులాగే ఉండి, తల గాల్లో నిలిచింది. ఛాతీ మీద చెయ్యి పెట్టి ఒకసారి నొక్కబోయి ఆగిపోయింది. ఇది కండ బిగువు కాదు, వదిలేది కాదు. ఎముకకు ఎముక అతుక్కుపోయింది. ఇశ్రాయేలు తన భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు వేసి ఆ తల కింద పెట్టాడు.

లక్ష్మప్ప ఆ వంపు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ తన చెయ్యి తన నడుము మీదికి పోయిందని అతనికి తెలియలేదు. తెలిసిన మరుక్షణం చెయ్యి లాగేసుకుని, ఇంకా పెద్దగా అరవడం మొదలుపెట్టాడు. ఒక్కసారి చిన్నాయన మీద జాలి కలిగింది నందినికి. ఆ జాలి అతని తరువాతి తిట్టుతోనే పోయింది.

బండిలోకి ఎక్కించేటప్పుడు అడ్డం పడలేదు అతను. బండి కదులుతుంటే మాత్రం వెనక తలుపు మీద అరచేత్తో బాదాడు. "ఆడ గుంత నోరు తెరుసుకోనుంది! దానికేం సమాధానం సెప్పాల?"

"పూడ్పించుకోండి," అంది నందిని.

ఆ మాట ఇంకోలా అని ఉండొచ్చు. అనలేదు.

కాలేజీలో పని తొందరగానే అయింది. సోమప్పను స్టీలు బల్ల మీద పడుకోబెట్టారు, తల కింద చెక్క దిమ్మ పెట్టారు, తెల్లగుడ్డ కప్పారు. ఆయన అడిగినదంతా అదే. కాలివేలికి నంబరు కట్టేటప్పుడు నందిని బయటికి వచ్చేసింది. అరుణకుమారి మేడం భుజం మీద చెయ్యి వేసి, ఈ ఏడాది నువ్వు శవాల గదిలోకి రావద్దు, ఎముకల క్లాసులు చూసుకో అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆదోని బస్టాండుదాకా ఏడ్చింది, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. అమ్మ ఒక్కతే ఉంటుంది, ఇవాళ ఆమె పక్కన పడుకోవాలి అనుకుంది. ఏమన్నా అననీ, పడాలి అనుకుంది.

ఇంకా వెలుతురు ఉండగానే వీధిలోకి వచ్చింది. వీధంతా తడిగా ఉంది. గడప గడపకూ ఆడవాళ్ళు తలస్నానం చేసిన జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటున్నారు. మగవాళ్ళ పంచెలు పిండి దండేల మీద వేసి ఉన్నాయి. సమాధి చేసి వచ్చినవాళ్ళు చేసే స్నానాలు అవి. సమాధి ఎవరికి చేశారు? నందినిని చూసి ఒక్కరూ పలకరించలేదు, తిట్టను కూడా తిట్టలేదు. పొద్దున అంత అరిచిన నోళ్ళు అవి. ఆమె అక్కడ లేనట్టే తలలు ఆరబెట్టుకుంటున్నారు.

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి మగ్గాల గది గోడ కనబడింది. పొద్దున నాయన కూర్చున్న చోట దీపం వెలుగుతోంది. దాని పక్కన ఇంకో దీపం.

"ఆడే ఉండు," అంది ఈరమ్మ లోపలి నుంచి. వచ్చి గడప అవతల నిలబడింది.

"ఎవుర్ని పూడ్సినారు మా?"

"తవ్విన గుంత ఉత్తగా పూడ్సకూడదు. ఇంకొకర్ని అడుగుతుంది. ఎవురివల్ల కాలీ అయిందో వాళ్ళనే పెట్టాల అన్నాడు మీ సిన్నాయన." ఈరమ్మ కూతురి మొహం వైపు కాకుండా వీధి వైపు చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "జొన్నదంట్లు కట్టి మనిషిని సేసినారు. నీ పేరు పెట్టినారు. జంగమయ్య వచ్చి జరిపించినాడు."

నందిని గడప పక్క గోడ పట్టుకుంది. "నువ్వు సూస్తా ఊరుకుంటివా?"

"ఊరుకోలేదు. సీర ఇచ్చినా."

"యా సీర?"

"నీకు ఉద్యోగం వచ్చినప్పుడు మీ నాయన నేసింది. మెంతెం రంగుది. నువ్వు దాసుకోని పెట్టింటివే, పెట్టెలో అడుగున." ఆగింది. తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. "ఆయప్పను నీకిచ్చినా. నిన్ను వాళ్ళకిచ్చినా. ఇంక నా దగ్గరికి రావద్దు మీరెవురూ."

వీధిలో ఎవరో బిందె దించిన చప్పుడైంది. నందిని కోపం తెచ్చుకుందామని చూసింది, పొద్దున్నుంచి ఉన్న కోపంలో ఇసుమంత కూడా దొరకలేదు. ఆ పెట్టె, ఆ చీర, ఆ రంగు కుదరలేదని నాయన రెండుసార్లు అద్దకం మార్చడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే.

"నన్ను పండుకోబెట్టినారా, కూర్చోబెట్టినారా?"

ఆ రోజంతటిలో మొదటిసారి ఈరమ్మ కూతురి కళ్ళలోకి చూసింది.

"కూర్చోబెట్టినాం," అని తలుపు వేసుకుంది.